మా కోడలి చేతులు

ఆవిడకి ఫ్యూజత్త అని పేరు పెట్టింది వీధే. అసలు పేరు కన్నకొడుక్కైనా గుర్తుందో లేదో అనుమానం. భర్త బతికున్న రోజుల్లో ఆ చుట్టుపక్కల కరెంటు పనంతా ఆయనదే. ఎవరింట్లో పనికి దిగినా ముందు మీటరు బోర్డు దగ్గరికి వెళ్ళి ఫ్యూజు పీకి, వెంట వచ్చిన భార్య చేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించి ఆ ఇంటి గుమ్మంలో కూర్చునేది. ఆయన పని ముగించి వచ్చి చెయ్యి చాపేదాకా ఆ గుప్పిట తెరిపించడం ఎవరి తరమూ కాదు. "ఒక్క నిమిషం ఫ్యాను వేసుకుంటామత్తా" అని బతిమాలినవాళ్ళున్నారు, "మా ఇంట్లో మాకే కరెంటు లేకుండా చేస్తావా" అని ఎగిరిపడ్డవాళ్ళున్నారు. ఆమె ఎవరికీ లొంగలేదు. లోపల వైరు పట్టుకున్న మనిషి ప్రాణం తన గుప్పిట్లో ఉందని ఆమెకు తెలుసు. ఆ సంగతి వీధి మొత్తానికి తెలిసేలా కూర్చోవడం కూడా బాగా తెలుసు.

ఆయన పోయాక ఆ కరెంటు పని కోడలు అందుకుంది. కొడుక్కి చిన్నప్పటి నుంచీ కరెంటంటే హడలు. టెస్టరు పట్టుకోరా అని తండ్రి అంటే స్టీరింగు పట్టుకుని బస్సు డ్రైవరై ఊళ్ళు తిరుగుతున్నాడు. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన పిల్ల మాత్రం నెల తిరక్కుండానే మావగారి వెనకాలే నిచ్చెనెక్కింది.

మావగారు ఆమెకు నేర్పిన మొదటి పాఠం ఇదీ: "ఫ్యూజు పీకావు, మంచిది. టెస్టరు పెట్టి చూశావు, ఇంకా మంచిది. అయినా సరే, వైరుని మొదటిసారి ముట్టుకునేటప్పుడు చెయ్యి తిప్పు. వేళ్ళ వెనకవైపుతో తాకు. ఎక్కడైనా పొరపాటుండి కరెంటు తగిలిందనుకో, చెయ్యి దానంతటదే ముడుచుకుని వెనక్కొచ్చేస్తుంది. అదే అరచేత్తో పట్టుకున్నావనుకో, పిడికిలి బిగుసుకుపోతుంది. వదలాలన్నా వదల్లేవు."

ఈ అలవాటు వైర్ల దగ్గర ఆగలేదు. ఫ్రిజ్జు తలుపైనా, తడి కుళాయైనా, వీధి దీపం స్తంభమైనా ఆ ఇంట్లోవాళ్ళు ముందు చెయ్యి తిప్పి తాకాల్సిందే. ఫ్యూజత్త ఏనాడూ వైరు జోలికి పోలేదు గాని, మొగుణ్ణి చూసీ చూసీ ఆమెకూ అదే పట్టుకుంది. కూరగాయల బండి మీద టమాటాలు కూడా చెయ్యి తిప్పే ఏరుతుంది. "ఏమత్తా, టమాటాలు షాకు కొడుతున్నాయా?" అని ఎదురింటి టీచరమ్మ ఏడిపించని రోజు లేదు.

ఇలా ఉండగా టీవీ వాళ్ళొచ్చారు. పాత ఇళ్ళను బాగుచేసి కొత్తగా చూపించే కార్యక్రమం అది, ప్రతి ఆదివారం సాయంత్రం వస్తుంది. ఒక యాంకరమ్మ నవ్వుతూ వచ్చి గోడలకు రంగులేస్తుంది, తలుపులు బిగిస్తుంది, దీపాలు పెడుతుంది. నిజానికి ఆ అమ్మాయికి బల్బు మార్చడం కూడా రాదట. అందుకని కరెంటు పని వచ్చినప్పుడల్లా కోడల్ని పిలిచి, యాంకరమ్మ వేసుకున్నటువంటి నీలం చొక్కాయే తొడిగి, కెమెరాను చేతుల మీదికి దించేవాళ్ళు. ముఖం ఆవిడది, చేతులు ఈవిడవి.

ఇక ఫ్యూజత్తను పట్టడానికి వీధి చాల్లేదు. ఆదివారం సాయంత్రమైతే చాలు, తలుపులు బార్లా తెరిచి, ఉన్న కుర్చీలన్నీ వేసి, లేనివాళ్ళకు చాపలు పరిచి అందర్నీ పిలిచేది. తెర మీద చేతులు కనపడగానే లేచి నిలబడేది. "అదిగో! ఆ బొటనవేలి మీద మచ్చ చూశారా? మా ఇంటి గీజరు పెట్టిన మచ్చ అది. అవి మా కోడలి చేతులు!" అని కేకేసేది. యాంకరమ్మ మాట్లాడుతుంటే మాత్రం, "ఆ మూతి మనది కాదులే, ఇప్పుడు టీ తాగండి" అనేది. కోడలు సిగ్గుపడే మనిషేం కాదు గాని, ఈ డప్పు భరించలేక ఆదివారాలు ఏదో ఒక పని పెట్టుకుని బయటికి పోయేది.

ఆ ఆదివారం కూడా అలాగే పోయింది, ఏదో అపార్టుమెంటులో మోటారు ఆగిపోయిందని. హాలు నిండిపోయింది. వీధి మొదట్లో కుట్టుకొట్టు పెట్టుకున్న దర్జీ అందరికంటే ముందొచ్చి టీవీ ఎదురుగా కూర్చున్నాడు. ఆ వారం చూపించేది పాత గోడలో కొత్త ప్లగ్గు పెట్టుకోవడం. అతనికి కావలసింది సరిగ్గా అదే. ఇస్త్రీ బల్ల దగ్గర ప్లగ్గు లేక, కొట్టు ఆ మూల నుంచి ఈ మూలకు వైరు లాక్కుని అవస్థ పడుతున్నాడు.

నీలం చొక్కా చేతులు తెర మీదికొచ్చాయి. ఫ్యూజత్త అలవాటు కొద్దీ లేచింది. "అవి మా కోడలి..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

ఆ చేతులు గోడలోంచి వేలాడుతున్న పాత వైరుని అరచేత్తో గభాల్న పట్టుకున్నాయి. చెయ్యి తిప్పలేదు. టెస్టరు పెట్టలేదు. పాత వైరు కొసనీ కొత్త వైరు కొసనీ జడ అల్లినట్టు మెలితిప్పి, రెండు చుట్లు టేపు చుట్టి, ఆ అతుకుని అలాగే గోడలోకి తోసి పైన సిమెంటు రాసేశాయి. అతుకు మీద పెట్టాల్సిన డబ్బా ఊసే లేదు. ఒక ఆకుపచ్చ వైరు మిగిలితే కత్తెరతో పుటుక్కున తెంపేశాయి. "ఇది లేకపోయినా ప్లగ్గు పనిచేస్తుంది, చూశారా ఎంత తేలికో!" అని యాంకరమ్మ నవ్వింది. టేబుల్ ల్యాంపు వెలిగింది. హాలంతా చప్పట్లు.

ఫ్యూజత్త చప్పట్లు కొట్టలేదు. ఆ మనిషి ఎవరో గాని, ముప్పు గోడలో పెట్టి పూత పూసింది. ఆ నీలం చొక్కా చేతులకి ఇన్నాళ్ళుగా కోడలి పేరు అతికించి వీధంతా పంచిపెట్టింది తనే.

"రేపు పొద్దున్నే మా కొట్లో ఇలాగే లాగించేస్తా" అన్నాడు దర్జీ చేతులు రుద్దుకుంటూ. "మీ కోడలి చేతి పని కళ్ళారా చూశాక ఇంకా అనుమానమేంటత్తా!"

"అవి మా కోడలి చేతులు కావయ్యా" అంది ఫ్యూజత్త.

 హాల్లో నవ్వులు లేచాయి. "పోయిన వారం దాకా మీవేగా అత్తా! ఈ వారం ఎవరికైనా అద్దెకిచ్చారా?" అంది టీచరమ్మ.

"నవ్వకండి. అది వైరుని అరచేత్తో పట్టుకుంది. మా పిల్ల చచ్చినా అలా పట్టుకోదు."

"పట్టుకున్నది మీ కోడలే, ప్లగ్గు పనిచేసింది, ల్యాంపు వెలిగింది. ఇంకేం కావాలి?" దర్జీ మూతి ముడుచుకుని లేచాడు. "నేను సొంతంగా చేసుకుంటే మీ ఇంటికి పని తగ్గుతుందనా? ఆ మాట ముఖం మీదే చెప్పచ్చుగా!"

 అందరూ వెళ్ళిపోయాక చాపలు చుడుతూ ఉంటే ఫ్యూజత్తకు తల కొట్టేసినట్టనిపించింది. వీధి తనను చూసి నవ్వినందుకు కాదు, అది ఆమెకు కొత్తేం కాదు. ఆ కంగారులో బొటనవేలి మీద మచ్చ ఉందో లేదో చూసుకోలేదు. ఒకవేళ ఆ చేతులు నిజంగా కోడలివేనేమో అన్న భయం ఒకటి మనసులో ఓ మూల దూరింది. తొందరపెట్టి ఉంటారేమో, పిల్ల తలొంచిందేమో. ఆ మాట అనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

కోడలు చీకటి పడే వేళకు సంచి భుజాన వేసుకుని వచ్చింది. చెప్పులు విప్పకముందే ఫ్యూజత్త ఎదురెళ్ళింది.

"టీవీలో ఇవాళ కనపడ్డ చేతులెవరివే?"

కోడలు సంచి దించి నేల మీద పెట్టింది. "చూశారా?" అంది నెమ్మదిగా.

"చూశాను. నువ్వు కాదని నాకు తెలుసు. అయినా నీ నోటితో వినాలి."

"మేకప్ వేసే అమ్మాయివత్తయ్యా. పాపం, దానికేం తెలుసు, చెప్పింది చేసింది. నేను మానేసి చాలా రోజులైంది. ఇన్నాళ్ళూ మీరు చూసినవన్నీ అంతకు ముందు తీసిపెట్టుకున్నవి. అవి అయిపోయాయి."

"మానేశావా? మరి రోజూ షూటింగంటూ..."

"షూటింగని నేనెప్పుడన్నాను? మీరే అనుకున్నారు. నేను పనికెళ్ళొస్తానన్నాను, వెళ్ళాను."

ఫ్యూజత్త కుర్చీలో కూలబడింది. కోడలు ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుని చెప్పుకొచ్చింది. డబ్బా బిగించి, మూత పెట్టి చూపిద్దామంటే అంత సేపు జనం చూడరన్నారట. ఆకుపచ్చ వైరు తెర మీద గజిబిజిగా ఉంది, తీసెయ్యమన్నారట. "లోపల తర్వాత బాగుచేద్దాం, ఇప్పటికి ఇలా చూపిద్దాం" అని బుజ్జగించారట.

"ఆ ఇల్లొక్కటే అయితే సరేననేదాన్నేమో. కానీ చూసినవాళ్ళు చూసినట్టే చేస్తారు కదత్తయ్యా. వాళ్ళ గోడల్లోకి నేనెళ్ళి ఎలా బాగుచెయ్యను? నా చేతులతో మాత్రం ఇది చూపించనన్నాను. 'నీ ముఖం ఎలాగూ కనపడదు, నీకెందుకు?' అన్నారు. 'కనపడేవి చేతులేగా, అందుకే' అన్నాను. చొక్కా విప్పి ఇచ్చేసి వచ్చేశాను."

"ఆ ఇంటివాళ్ళ సంగతేంటి మరి?"

"వీళ్ళు సామాను సర్దుకుని పోగానే వెళ్ళి ఆ ఇంటావిడకి చెప్పి, గోడ తవ్వి మళ్ళీ సరిగ్గా చేసొచ్చాను. ఆ ఇంటికిప్పుడు భయం లేదు."

ఫ్యూజత్త ఒక్కసారిగా విరుచుకుపడింది. "మరి నాతో చెప్పి ఏడవచ్చుగా! నేనిక్కడ కుర్చీలు వేసి, చాపలు పరిచి, ఊరందరి ముందూ వెర్రిదాన్నయ్యాను!"

"ఎలా చెప్పమంటారు? ఆదివారం వచ్చేసరికి మీ ముఖం చూడాలి, అది వెలిగినట్టు మన ఇంట్లో ఏ బల్బూ వెలగదు. ఆర్పబుద్ధి కాలేదు."

కోపం ఎక్కడిదక్కడ జారిపోయింది. ముసలావిడ ముక్కు ఎగబీల్చి, పమిట చెంగుతో ముఖం తుడుచుకుని, "ముందు అన్నం తిను" అంది. ఆ పూట వడ్డన మామూలుగా లేదు. పెళ్ళివారికి కూడా ఆమె అంత కొసరి కొసరి వడ్డించలేదు. దర్జీ ఈపాటికి కొట్టు మూసేసి ఉంటాడు, తెల్లారగానే వెళ్ళి ఆపాలనుకుంటూ పడుకుంది.

తెల్లారి టీ గ్లాసు చేతిలో ఉండగానే వీధి మొదట్లోంచి సుత్తి చప్పుడు వినపడింది. చివరి మేకులేవో కొట్టినట్టు, అంతలోనే ఆగిపోయింది కూడా. ఫ్యూజత్త గ్లాసు అక్కడే పెట్టేసి, "అమ్మాయ్, నీ సంచి తీసుకుని రా!" అని కేకేసి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది.

దర్జీ కొట్లో గోడ మీద సిమెంటు ఇంకా తడిగా ఉంది. కొత్త ప్లగ్గు తళతళలాడుతోంది. కుట్టు మిషను కింద ఆకుపచ్చ వైరు ముక్క దారం పోగుల మధ్య పడి ఉంది. బల్ల మీద పిల్లల బడి చొక్కాలు గుట్టగా ఉన్నాయి, పక్కన పాత ఇనప ఇస్త్రీ పెట్టె. దర్జీ దాని వైరు చేత్తో పట్టుకుని ప్లగ్గు వైపు వంగుతున్నాడు.

ఫ్యూజత్త గుమ్మం పక్కనున్న మీటరు బోర్డు దగ్గరికి సరాసరి వెళ్ళి, ఫ్యూజు పీకి, గుప్పిట్లో బిగించి గుమ్మంలో చతికిలబడింది. మొగుడు పోయాక మళ్ళీ అలా కూర్చోవడం అదే మొదలు.

"అత్తా! ఏంటిది? బడి తెరిచేలోపు చొక్కాలివ్వాలి!"

"ఇద్దువులే. ముందు నువ్వుండాలిగా ఇవ్వడానికి."

"ఫ్యూజు ఇటివ్వండి!"

"నా గుప్పిట తెరిచినవాడు ఈ వీధిలో ఒక్కడే. ఆయన పోయాడు. నువ్వెంత ప్రయత్నిస్తావో ప్రయత్నించు."

దర్జీ గొంతు పెంచేసరికి జనం పోగయ్యారు. పాలు పోయించుకోవడానికి బయటికొచ్చిన టీచరమ్మ గిన్నెతో సహా వచ్చి నిలబడింది. ఫ్యూజత్త ఒకసారి అందరి ముఖాలూ చూసింది. వీళ్ళందరినీ తన హాల్లో కూర్చోబెట్టి తెర వైపు వేలు చూపించింది తనే. ఇప్పుడు చెప్పాల్సిందీ తనే.

"అందరూ వినండి. టీవీలో మా కోడలు లేదు. చాలా రోజుల కిందటే మానేసింది. నాకు తెలియక నిన్నటి దాకా డప్పు కొట్టాను, మీరు నవ్వితే నవ్వండి. కానీ ఎందుకు మానేసిందో కూడా వినండి. ఇదిగో ఈ గోడలో ఉన్నటువంటి పని చేసి చూపించమంటే, నా చేతులతో చూపించను పొమ్మంది. కెమెరా ముందు, అంతమంది పెద్దల ముందు, కాదంది! చేసిన పని చూపించుకునేవాళ్ళు బోలెడుమంది. చెయ్యనని వచ్చేసినదాన్ని టీవీలో ఎవరు చూపిస్తారు? అందుకే నేను చెబుతున్నాను. అది మా కోడలు!"

ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. అప్పటికి కోడలు సంచితో వచ్చి అత్తగారి వెనకాలే నిలబడి ఉంది. ఎప్పుడూ మాటకు తడుముకోని పిల్ల కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తింది, అందరూ చూస్తున్నారని దించేసింది.

"అన్నయ్యా, గోడ తర్వాత చూద్దాం. ముందు ఆ ఇస్త్రీ పెట్టె ఇలా ఇవ్వండి" అంది దర్జీతో.

అతను సణుగుతూనే ఇచ్చాడు. ఆమె సంచిలోంచి ముల్లు ఉన్న మీటరు తీసి, దాని ఒక వైరు ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పిన్నుకీ, రెండోది కింది ఇనప పలకకీ ఆనించింది. ముల్లు ఈ చివర నుంచి ఆ చివరికి గెంతింది.

"చూశారా? లోపల వైరు తొడుగు కాలీ కాలీ ఇప్పుడు ఇనుముకి తగులుతోంది. ప్లగ్గులో పెట్టగానే ఈ పెట్టె మొత్తానికీ కరెంటొస్తుంది. ఆకుపచ్చ వైరు ఉందనుకోండి, ఆ కరెంటు దాని వెంట భూమిలోకి దిగిపోతుంది, ఫ్యూజు కాలిపోతుంది. మీరు పెట్టెని తిట్టుకుని ఊరుకుంటారు. ఆ వైరుని మీరు కత్తిరించారు. అప్పుడా కరెంటుకి దారి ఎవరు?"

దర్జీ చొక్కాల మీద చల్లడానికి నీళ్ళలో ముంచిన గుడ్డ ఇంకా ఎడమచేతిలోనే పట్టుకుని ఉన్నాడు. దాన్ని ఒకసారి చూసుకున్నాడు. గుమ్మంలో కూర్చున్న ముసలావిడ గుప్పిట వైపు చూశాడు. గుడ్డ బల్ల మీద పెట్టేసి స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"మా ఆవిడ పొద్దున్నే తనే ఇస్త్రీ చేస్తానంది. నేనే, కొత్త ప్లగ్గు కదా, మొదట నేను చేస్తానన్నాను" అన్నాడు. 

కోడలు పనిలో దిగింది. తడి సిమెంటు గోకేసింది. లోపలి వైరుకి టెస్టరు పెట్టి చూసి, చెయ్యి తిప్పి వేళ్ళ వెనకవైపుతో తాకి, అప్పుడు పట్టుకుంది. మెలితిప్పిన అతుకు విప్పింది. గోడలో డబ్బా కూర్చోబెట్టి, కొసలను స్క్రూల కింద బిగించి, ఒక్కొక్కటీ లాగి చూసింది. కొత్త ఆకుపచ్చ వైరుని ప్లగ్గు నుంచి మీటరు బోర్డు దాకా లాగి, గోడ పక్కన భూమిలోకి దిగిన తీగకు కలిపి, అక్కడా లాగి చూసింది. ఇస్త్రీ పెట్టె విప్పి కాలిన వైరు మార్చింది, మళ్ళీ మీటరు పెట్టింది. ఈసారి ముల్లు కదల్లేదు. వేగంగా ఏమీ అవలేదు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. అయినా వీధిలోవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. ఇంత సేపు జనం చూడరన్న పెద్దమనుషులు అక్కడ లేకపోయారు గాని, ఉంటే బాగుండేది.

ఫ్యూజత్త మాత్రం చేతులు చూడలేదు. ఇన్ని ఆదివారాలూ చూసినవి అవేగా. నుదుటి మీద చెమట, పళ్ళ మధ్య నొక్కిపట్టిన పెదవి, వైరు సరిగ్గా కూర్చున్నప్పుడు ముడి విడిపోయే కనుబొమ్మలు, వీటిని చూసింది. ముఖమూ చేతులూ ఒక్కరివే అయి ఉండటం ఎంత బాగుందో అనుకుంది.

మూత బిగించి కోడలు గుమ్మంలోకి వచ్చి, మావగారు చాపినట్టే, మాట లేకుండా చెయ్యి చాపింది. ఫ్యూజత్త గుప్పిట తెరిచింది. ఫ్యూజు అంచులు అరచేతిలో ఎర్రగా అచ్చుపడ్డాయి. ఇచ్చింది గాని, వదల్లేదు. దేన్నైనా ముందు చెయ్యి తిప్పి తాకిచూసే మనిషి, కోడలి చేతిని ఫ్యూజుతో సహా రెండు అరచేతుల్లోకీ తీసుకుని బిగించి పట్టేసుకుంది.

"అత్తయ్యా" అంది కోడలు కాసేపటికి. "మీరు వదిలితే గాని అన్నయ్యకి కరెంటు రాదు."

"ఆయన ఆగుతాడులే" అంది ఫ్యూజత్త.

దర్జీ నిజంగానే ఆగాడు. ఫ్యూజు వెళ్ళి బోర్డులో కూర్చుంది, ఫ్యాను తిరిగింది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేశాక అతను పిడి వైపు చెయ్యి చాపి, మధ్యలో ఆగి, అందరూ చూస్తుండగా ఆ చెయ్యి తిప్పి వేళ్ళ వెనకవైపుతో మెల్లగా ముట్టుకున్నాడు. ఏమీ కాలేదు. అప్పుడు పట్టుకున్నాడు.

వీధంతా చూసిందో లేదో అని ఫ్యూజత్త ఒకసారి చుట్టూ తిరిగి చూసుకుంది.